పాస్ ఉంది, బస్సేది? మహమ్మారి రోజుల్లో విజయవాడ–గుంటూరు డ్యూటీ ప్రయాణాలు

2021 మే 5న ఆంధ్రప్రదేశ్‌లో కర్ఫ్యూ మొదలైంది. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 వరకు జనం బయటికి రావచ్చు, దుకాణాలు తెరవొచ్చు. ఆ తర్వాత అన్నీ బంద్, ఆర్టీసీ బస్సులతో సహా. ఆసుపత్రి సిబ్బందికి కర్ఫ్యూ నుంచి మినహాయింపు ఉంది. ఐడీ కార్డు చూపిస్తే పోలీసులు వదిలేయాలి. కాగితం మీద ఇందులో లోపమేమీ కనిపించదు. కానీ ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుల షిఫ్టులు సాధారణంగా ఉదయం 8 నుంచి 2 వరకు, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8 వరకు, రాత్రి 8 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు నడుస్తాయి. ఉదయం డ్యూటీకి బస్సులో వచ్చిన నర్సుకు 2 గంటలకు తిరిగి వెళ్లడానికి బస్సు లేదు. మధ్యాహ్నం డ్యూటీకి రావాల్సిన ఆమె 12 లోపే వచ్చి రెండు గంటలు ఊరికే కూర్చోవాలి, రాత్రి 8కి ఇల్లు చేరే దారి తనే వెతుక్కోవాలి. నైట్ డ్యూటీ వాళ్లకు ఇంటికెళ్లే బస్సు ఉంది, వచ్చే బస్సు లేదు.

కర్ఫ్యూ వేళలు పెట్టినవాళ్లకు ఆసుపత్రి షిఫ్టులు తెలియక కాదు. ఆ రెండు కాగితాలనూ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే. మహమ్మారి రోజుల్లో అత్యవసర సిబ్బంది రవాణా గురించి మన దగ్గర జరిగిన చర్చంతా ‘ఎవరు తిరగొచ్చు’ అన్నదాని చుట్టూనే తిరిగింది. ‘ఎలా వస్తారు’ అన్నది వాళ్ల సొంత సమస్యగా మిగిలిపోయింది.

2020 మార్చి 24న కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే తీరు. విమానాలు, రైళ్లు, బస్సులు అన్నీ ఆపమన్నారు. డాక్టర్లు, నర్సులు, పారామెడికల్ సిబ్బంది, ఆసుపత్రుల సహాయక సిబ్బంది ప్రయాణాలకు మాత్రం అనుమతి ఇచ్చారు. అనుమతి ఇవ్వడమంటే అడ్డుకోకపోవడమే. బండి ఉన్నవాడికి అది చాలు. బండి లేని ఆయాకు, వార్డు బాయ్‌కి, సెక్యూరిటీ గార్డుకు, పారిశుద్ధ్య కార్మికురాలికి ఆ కాగితం ఎంత గట్టిదైనా పది కిలోమీటర్లు నడిపించలేదు.

ఆసుపత్రి అనగానే కళ్ల ముందు డాక్టరు కనిపిస్తాడు. డాక్టరుకు కారుంటుంది. కోవిడ్ వార్డుల్లో పనిచేసిన డాక్టర్లకు, నర్సులకు కొన్నాళ్లు హోటళ్లలో బస, అక్కడి నుంచి ఆసుపత్రికి వాహనం కూడా ఏర్పాటు చేశారు. అది మంచి పనే. కానీ ఆసుపత్రి నడవడానికి ల్యాబ్ టెక్నీషియన్, ఆక్సిజన్ సిలిండర్లు మార్చే మనిషి, బట్టలు ఉతికేవాళ్లు, వంటవాళ్లు, ఫార్మసీ కౌంటర్లో కుర్రాడు కూడా కావాలి. వీళ్లలో ఎక్కువమంది కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ వాళ్లు. డ్యూటీకి రాకపోతే ఆ రోజు జీతం కోత. ఆసుపత్రికి దూరంగా, అద్దె తక్కువ ఉన్నచోట ఉంటారు. బస్సు ఆగితే ముందు దెబ్బ తగిలేది వీళ్లకే, వీళ్ల గొంతే అందరికన్నా తక్కువ వినపడుతుంది.

విజయవాడ నేల తీరు ఈ సమస్యను ఇంకాస్త బిగించింది. పాత ప్రభుత్వాసుపత్రి రైల్వేస్టేషన్ దగ్గర హనుమాన్‌పేటలో ఉంది. కోవిడ్‌కు కేటాయించిన కొత్త ప్రభుత్వాసుపత్రి గుణదల వైపు, ఊరికి ఆ చివర. ప్రైవేటు నర్సింగ్‌హోములు ఎక్కువగా సూర్యారావుపేట, గవర్నర్‌పేటల్లో గుమిగూడి ఉంటాయి. పనిచేసేవాళ్లు ఉండేది అజిత్‌సింగ్‌నగర్‌లో, వన్‌టౌన్ కొండల మీద, భవానీపురం–గొల్లపూడి వైపు, ఇటు పోరంకి, పెనమలూరు, కంకిపాడుల్లో. ఇక కృష్ణ దాటితే తాడేపల్లి, ఉండవల్లి, మంగళగిరి.

కృష్ణ దాటడమన్నదే వేరే కథ. రోజువారీ బతుకులో నదికి రెండు ఒడ్లూ ఒకే ఊరు. తాడేపల్లిలో ఉండి బెజవాడలో పనిచేసేవాళ్లు, బెజవాడలో ఉండి మంగళగిరి ఎయిమ్స్‌లోనో చినకాకాని ఎన్ఆర్ఐ ఆసుపత్రిలోనో పనిచేసేవాళ్లు తాము జిల్లా దాటుతున్నామని ఏనాడూ అనుకోరు. 2020 వసంతంలో ఆ సంగతి హఠాత్తుగా గుర్తుకొచ్చింది. అటు గుంటూరు జిల్లా, ఇటు కృష్ణా జిల్లా. ఇద్దరు కలెక్టర్లు, రెండు పోలీసు యంత్రాంగాలు, మధ్యలో కనకదుర్గ వారధి, ప్రకాశం బ్యారేజీ. కేంద్రం ప్రకటించిన రెడ్ జోన్ (వ్యాప్తి ఎక్కువున్న జిల్లాల) జాబితాలో రాష్ట్రం నుంచి కర్నూలు, గుంటూరు, కృష్ణా, నెల్లూరు, చిత్తూరు జిల్లాలున్నాయి. రెండు రెడ్ జోన్ల మధ్య రోజూ రెండుసార్లు నది దాటాల్సిన మనిషికి బస్సు నడపాలంటే ఏ జిల్లా ఆర్డరు ఇవ్వాలి? ఇలాంటి ప్రశ్నకు జవాబు మహమ్మారి వచ్చాక వెతికితే దొరకదు.

2020 మే 1 నాటి కేంద్ర ఉత్తర్వులు రెడ్ జోన్లలో బస్సులనే కాదు, ఆటోలను, సైకిల్ రిక్షాలను, క్యాబ్‌లను కూడా ఆపాయి. బైకు మీద వెనక ఎవరూ కూర్చోకూడదన్నారు. వ్యాధి కోణంలో ఒక్కొక్కటీ అర్థమయ్యేదే. అన్నీ కలిసినప్పుడు ఏమైందో చూడాలి. డ్యూటీకి భర్తో తమ్ముడో బైకు మీద దింపే ఆడవాళ్లు మన ఊళ్లలో వేలల్లో ఉంటారు. బస్సు ఆగింది, ఆటో ఆగింది, చివరికి ఇంట్లోవాళ్లు దింపే ఆ బైకు కూడా నిబంధనకు విరుద్ధమైంది. చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ మంచివాడైతే వదిలేస్తాడు, ఎండలో విసుగెత్తి ఉంటే ఆపుతాడు. పై అధికారులు తేల్చని సంగతి నడిరోడ్డు మీద అతని నెత్తిన పడింది. నర్సుకు రోజూ అదే టెన్షన్.

గుంటూరుకు ఈ దెబ్బ ఇంకోలా తగిలింది. అక్కడ సిటీ బస్సులు నామమాత్రం. ఊళ్లో ప్రజారవాణా అంటే షేర్ ఆటోయే. నల్లపాడు, గోరంట్ల, పాతగుంటూరు, కొత్తపేట, ఎక్కడికైనా పదో ఇరవయ్యో ఇచ్చి ఎక్కేయడమే. ప్రభుత్వం లెక్కల్లో షేర్ ఆటో ప్రైవేటు వాహనం కాబట్టి దాన్ని ఆపినప్పుడు ప్రజారవాణాను ఆపినట్టు ఎవరికీ అనిపించలేదు. బెజవాడలో డిపోకు ఫోన్ చేసి రేపటి నుంచి నాలుగు బస్సులు ఫలానా ఆసుపత్రికి పెట్టమని చెప్పడానికి ఒక మేనేజరు ఉంటాడు. షేర్ ఆటోలకు అలా చెప్పేదెవరికి? కొత్తపేటలోని ప్రైవేటు ఆసుపత్రులు, మందుల షాపుల సిబ్బందిని చేర్చే సాధనం ఆ ఆటోలే అయినప్పుడు, ఆటో యూనియన్లతో ముందే మాట్లాడుకుని స్టాండుకు ఇన్ని ఆటోలు, ఒక్కోదానికి ఇద్దరు ప్రయాణికులు, నెలకు ఇంత కిరాయి అని ఒప్పందం రాసుకోవచ్చు. ఎన్నికలప్పుడు ప్రైవేటు వాహనాలు తీసుకోవడం మన యంత్రాంగానికి బాగా తెలిసిన విద్యే.

రైళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. తెనాలి, గుంటూరు నుంచి సీజన్ టికెట్ మీద రోజూ విజయవాడ వచ్చే చిరుద్యోగులకు ప్యాసింజర్ రైలే ఆధారం. 2020 మార్చి 22 తర్వాత అవి ఆగిపోయాయి. మే 12 నుంచి ఢిల్లీ కేంద్రంగా ప్రత్యేక రైళ్లు, జూన్ 1 నుంచి దేశమంతటా మరికొన్ని వచ్చినా అవన్నీ రిజర్వేషన్ ఉన్న దూరప్రయాణపు రైళ్లు. పొట్టి దూరపు ప్యాసింజర్లు చాలాకాలం రాలేదు. వచ్చినప్పుడు కూడా ఎక్స్‌ప్రెస్ ఛార్జీతో, రూ.10 కనీస టికెట్ ఉన్నచోట రూ.30తో వచ్చాయి. ఆ ఛార్జీ మళ్లీ తగ్గడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది.

ముంబైలో దీనికి భిన్నంగా జరిగింది. అక్కడా మార్చి చివర్లో లోకల్ రైళ్లు ఆగాయి. కానీ నగర బస్సు సంస్థ ‘బెస్ట్’ నడిపే బస్సులు లాక్‌డౌన్ మొత్తం అత్యవసర సిబ్బంది కోసం తిరుగుతూనే ఉన్నాయి. జూన్ 15 నుంచి లోకల్ రైళ్లను కూడా ఐడీ కార్డున్న అత్యవసర ఉద్యోగులకు మాత్రమే తెరిచారు. సాధారణ జనానికి రైలు లేదు, ఆసుపత్రి ఉద్యోగికి ఉంది. అంటే సర్వీసు నడపడమా ఆపడమా అన్న రెండే దారులు లేవు. కొందరి కోసం నడపడమన్న మూడో దారి ఉంది. దేశంలోకెల్లా కిక్కిరిసిన రైళ్లలోనే అది సాధ్యమైంది.

మన దగ్గర ఆర్టీసీ ఏమీ చేయలేదనడం అన్యాయం. కూరగాయల కోసం జనం ఒకేచోట గుమిగూడకుండా బస్సులు రైతుబజార్లుగా మారి వీధుల్లోకి వచ్చాయి. ‘సంజీవని’ పేరుతో ఏసీ బస్సులను కోవిడ్ పరీక్షల కేంద్రాలుగా మార్చారు. బస్సును అవసరానికి తగ్గట్టు మార్చే చాకచక్యం సంస్థలో ఉందని ఇవే చెబుతున్నాయి. మనిషిని డ్యూటీకి చేర్చే మామూలు పని దగ్గరే చిక్కొచ్చింది.

2020 మే 21న బస్సులు తిరిగి మొదలైనప్పుడు జాగ్రత్త కోసం కండక్టర్లు లేకుండా, బస్టాండ్‌లోనే టికెట్ ఇచ్చి, సగం సీట్లతో నడిపారు. విజయవాడ, విశాఖపట్నం సిటీ సర్వీసులు మాత్రం కదల్లేదు. అవి రోడ్డెక్కేసరికి సెప్టెంబర్ మూడో వారం వచ్చింది. ఈ నాలుగు నెలల తేడాను కాస్త నిదానంగా చూడాలి. బస్టాండ్ నుంచి బస్టాండ్‌కు వెళ్లే దూరప్రయాణికుడికి ఈ పద్ధతి పనికొచ్చింది. గుంటూరు–విజయవాడ రోడ్డు మీద డ్యూటీకి వెళ్లేవాళ్లు మాత్రం బస్టాండ్లలో దిగేవాళ్లు కారు. పెదకాకాని దగ్గర ఎక్కి చినకాకానిలో దిగుతారు, మంగళగిరిలో ఎక్కి వారధి ఇవతల దిగుతారు. మధ్యలో ఆపకుండా, మధ్యలో టికెట్ కొట్టకుండా వెళ్లే బస్సు ముప్పయ్యైదు కిలోమీటర్ల దారిలోని పెద్ద ఆసుపత్రులన్నింటినీ దాటుకుంటూ పోతుంది. వైరస్ నుంచి కండక్టరును కాపాడాలన్న నిర్ణయం సరైనదే. దానికి తోడుగా, ఐడీ కార్డే టికెట్‌గా ఆసుపత్రుల గేట్ల దగ్గర ఆగే కొన్ని బస్సులు వేరుగా పెట్టి ఉంటే రెండు పనులూ జరిగేవి.

అలాంటి బస్సులు ఎన్ని కావాలి? మామూలు సిటీ బస్సులో మనిషికో సీటు విడిచి కూర్చోబెడితే 22 మంది పడతారనుకుందాం. ఐదు దారులు తీసుకుందాం: ఇబ్రహీంపట్నం వైపు, సింగ్‌నగర్ వైపు, గన్నవరం వైపు, కంకిపాడు వైపు, వారధి మీదుగా మంగళగిరి–గుంటూరు వైపు. దారికి నాలుగు చొప్పున 20 బస్సులు. ఒక్కో షిఫ్టు మార్పిడికి 440 మంది వస్తారు. అవే బస్సులు అరగంట ఆగి, డ్యూటీ దిగిన 440 మందిని వెనక్కి తీసుకెళ్తాయి. మూడు షిఫ్టులకు కలిపి 1,320 మంది రాక, అంతమంది పోక. దగ్గరి దారుల్లో రెండో ట్రిప్పు వేస్తే ఇంకా ఎక్కువ. నగరంలో సిటీ బస్సులు వందల్లో ఉన్నప్పుడు 20 పెద్ద లెక్క కాదు. షిఫ్టు మార్పిడిలో ఇంకో సౌలభ్యం, బస్సు ఏ వైపూ ఖాళీగా తిరగదు. మామూలు రోజుల్లో ఉదయం ఊళ్లోకి నిండుగా వచ్చి వెనక్కి ఖాళీగా వెళ్లే సిటీ సర్వీసుకు ఈ అదృష్టం ఉండదు.

డ్రైవర్ల డ్యూటీ కూడా లెక్కలోకి రావాలి. అప్పట్లో అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 ప్రకారం రోజుకు ఎనిమిది గంటల పని, మధ్యలో విరామాలతో కలిపి పన్నెండు గంటలకు మించని వ్యవధి. ఉదయం 8, మధ్యాహ్నం 2 షిఫ్టు మార్పిడులను ఒక డ్రైవరు చూసుకోవచ్చు. రాత్రి 8 గంటలది ఇంకొకరికి ఇవ్వాలి. తెల్లవారుజామున మస్టర్‌కు (హాజరు వేయించుకునే చోటికి) చేరాల్సిన పారిశుద్ధ్య కార్మికుల ట్రిప్పు మూడో మనిషిది. కార్పొరేషన్ కార్మికులు వీధుల్లోకి వచ్చే వేళకు మామూలు రోజుల్లోనే బస్సులు సరిగా ఉండవు. నడిచో, సైకిలు మీదో, ఆటో మాట్లాడుకునో వస్తారు. లాక్‌డౌన్‌లో ఊరంతా ఇంట్లో ఉంటే చెత్త తగ్గదు, ఇళ్ల దగ్గర పెరుగుతుంది. వాళ్లు రాకపోతే రెండో రోజుకే తెలిసిపోతుంది.

ఖర్చు మాట వస్తుంది. రావాలి కూడా. సగం కూడా నిండని బస్సు మామూలు లెక్కలో నష్టం. కానీ 2020 జనవరి 1 నుంచే ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ప్రజారవాణా శాఖలోకి వచ్చేశారు. బస్సు తిరిగినా, డిపోలో ఉన్నా డ్రైవరు జీతం ప్రభుత్వం ఇవ్వాల్సిందే. కాబట్టి ఆ నెలల్లో 20 బస్సులు తిప్పడానికి అదనంగా అయ్యేది డీజిలు, టైర్లు, శానిటైజేషన్ ఖర్చు, అంతే. జీతం ఇస్తూ డ్రైవర్లను ఇంట్లో కూర్చోబెట్టి, డ్యూటీకి రాలేదని అవుట్‌సోర్సింగ్ ఆయాకు జీతం కోసిన వ్యవస్థ ఏ పద్దులో ఎంత మిగిల్చిందో ఆలోచించాలి. అద్దె బస్సుల యజమానుల పరిస్థితి ఇందుకు వ్యతిరేకం. వాళ్లకు కిలోమీటరు లెక్కన డబ్బు, బస్సు తిరగకపోతే రాబడి సున్నా, ఫైనాన్స్ వాయిదాలు మాత్రం ఆగవు. అత్యవసర సర్వీసుల్లో కొంత వాటా వాళ్లకు ఇచ్చినా ఇద్దరికీ మేలే.

అసలు బస్సు ప్రమాదం కాదా? ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. 2020 జనవరిలో చైనాలోని నింగ్‌బోలో ఒక ఆలయానికి వెళ్లొచ్చిన బస్సు మీద జరిగిన అధ్యయనం అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. బస్సులో 68 మంది, ప్రయాణం పోనూ రానూ కలిపి 100 నిమిషాలు. మొదటి రోగితో కలిపి 24 మందికి కోవిడ్ సోకినట్టు తేలింది. ఆ బస్సులో ఏసీ లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పింది, మాస్కులు లేవు, దూరంగా కూర్చున్నవాళ్లకు కూడా వచ్చింది. దీన్ని చదివి ‘బస్సు వద్దు’ అనుకోవడం తేలిక. నిజానికి అది చెప్పేది మూసిన కిటికీల గురించి. మన సిటీ ఆర్డినరీ, పల్లెవెలుగు బస్సుల్లో కిటికీలు తెరుచుకుంటాయి, కొన్నిసార్లు మూసుకోనే మూసుకోవు. ఎన్నాళ్లుగానో తిట్టుకున్న ఆ దడదడలాడే అద్దాలు మహమ్మారిలో ఆస్తి. ఇలాంటి సర్వీసులకు మెట్రో లగ్జరీ ఏసీలను డిపోలోనే ఉంచి పాత బస్సులను పంపడమే సరైన ఎంపిక. వానాకాలం వస్తే కిటికీలు మూయాల్సి వస్తుంది, అప్పుడు ప్రయాణికులను ఇంకా తగ్గించక తప్పదు.

ఇంకో విషయం, ఈ బస్సులో రోజూ ఎక్కేది దాదాపు ఒకే మనుషులు. ఎవరు, ఏ సీటు, ఏ షిఫ్టు అన్నది డ్యూటీ చార్టులోనే ఉంటుంది. ఎవరికైనా పాజిటివ్ వస్తే పక్కనున్నవాళ్లను గంటలో పట్టుకోవచ్చు. దొంగచాటుగా ఐదుగురిని కుక్కుకుని వెళ్లే ఆటోలో అది కుదరదు. బస్సు ఆపితే ప్రయాణం ఆగదు, కనిపించని చోటికి పోతుంది.

సిబ్బంది రక్షణలో లండన్ అనుభవం చూడదగ్గది. అక్కడ మొదటి అలలోనే చాలామంది బస్సు డ్రైవర్లు చనిపోయారు. 2020 ఏప్రిల్ 20 నుంచి ప్రయాణికులను మధ్య తలుపు నుంచే ఎక్కించారు, డ్రైవరు పక్కనున్న కార్డు మిషన్ దగ్గరకు ఎవరూ రాకుండా. అంటే కొన్నాళ్లు ఛార్జీ వదులుకున్నారు. మన సిటీ బస్సులకూ రెండు తలుపులుంటాయి. డ్రైవరు వెనక ప్లాస్టిక్ తెర, ముందు రెండు వరసలు ఖాళీ, వెనక తలుపే దారి, ఐడీ కార్డే టికెట్. ఇందులో ఏదీ ఖరీదైన పని కాదు. ఖరీదైనది ఆలస్యమే. 2021 ఫిబ్రవరిలో ఫ్రంట్‌లైన్ వర్కర్లకు టీకాలు మొదలైనప్పుడు కేంద్రం చెప్పిన వర్గాల్లో పోలీసులు, మున్సిపల్ కార్మికులు, రెవెన్యూ సిబ్బంది ఉన్నారు. బస్సు డ్రైవర్లు, కండక్టర్ల పేరు విడిగా లేదు. ఆసుపత్రి మనిషిని మోసే మనిషి కూడా ఆసుపత్రి మనిషి వంటివాడేనన్న లెక్క అప్పటికింకా రాలేదు.

2020 తర్వాత కొన్ని మారాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది. తాడేపల్లి, మంగళగిరి గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి, గన్నవరం కృష్ణాలో ఉండిపోయింది. పైన చెప్పిన ఐదు దారులు ఇప్పుడు రెండు కాదు, మూడు జిల్లాల్లో పడతాయి. 2025 ఆగస్టు 15 నుంచి ‘స్త్రీశక్తి’ పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. నర్సులు, ఆయాలు, పారిశుద్ధ్య కార్మికుల్లో ఎక్కువమంది మహిళలే కాబట్టి వాళ్లు బస్సు మీద ఆధారపడడం ఇంకా పెరుగుతుంది. అంటే ఈసారి బస్సు ఆపితే దెబ్బ 2020 కన్నా గట్టిగా తగులుతుంది.

మహమ్మారే రానక్కర్లేదు కూడా. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఆసుపత్రుల్లో, కార్పొరేషన్‌లో పనిచేసేవాళ్ల ఇళ్లు కూడా ఆ నీళ్లలోనే ఉన్నాయి. కారణం వేరు, చిక్కు అదే.

దీనికి పెద్ద ప్రణాళికా గ్రంథం అవసరం లేదు. ప్రతి ఆసుపత్రిలో, కార్పొరేషన్‌లో, సబ్‌స్టేషన్‌లో డ్యూటీ చార్టు ఉంటుంది. అందులో ఇంకో గడి చేర్చాలి: మనిషి ఏ స్టాపు దగ్గర ఉంటాడు, సొంత బండి ఉందా లేదా. అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీల దగ్గరున్న పేర్లు కూడా అందులోకి రావాలి, లేకపోతే అవసరమైనవాళ్లే జాబితాలో ఉండరు. ఆరు నెలలకోసారి ఆ చార్టు డిపో మేనేజరుకు చేరితే ఏ దారిలో ఏ వేళకు ఎన్ని బస్సులో ఆయన మధ్యాహ్నం లోపు తేల్చేస్తాడు, రోజూ ఆయన చేసే పని అదే. మిగిలేది ఉత్తర్వు. వారధికి అటూ ఇటూ ఉన్న కలెక్టర్లు ముగ్గురూ కలిసి సంతకం చేసిన ఒకే ఉత్తర్వు, అత్యవసర బస్సుకు చెక్‌పోస్టులో ఆగాల్సిన పని లేదని స్పష్టంగా రాసి ముందే సిద్ధంగా ఉండాలి. విపత్తు నిర్వహణ చట్టం 2005 కింద జిల్లా యంత్రాంగాలు ఏటా ప్రణాళికలను సరిచూసుకోవాలి. ఈ బస్సుల పట్టికను చేర్చాల్సింది అందులోనే, కర్ఫ్యూ వేళలు నిర్ణయించే అధికారి బల్ల మీద షిఫ్టు వేళలు కూడా ఉండేలా.